ఒకే ప్లేటు ఇన్నిసార్లు ఎందుకు కొంటానంటే

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తక, సంగీత ప్రియుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, ఆదివారం పూట ఇంట్లో ఫ్యాను వదిలిపెట్టి వచ్చారు. చాలా సంతోషం.

ఈ బల్ల మీద పరిచిన గ్రామఫోను ప్లేట్లన్నీ ఒకే ఆల్బమ్. బ్లాక్ సబ్బత్ అనే ఇంగ్లండు బృందం చేసిన మొట్టమొదటి ఆల్బమ్. దాని పేరు కూడా బ్లాక్ సబ్బతే. అట్ట మీద బొమ్మ అన్నిటికీ ఒకటే: పాతకాలపు నీటి మర, ఎండిపోయిన చెట్లు, ముందు నల్లబట్టల్లో నిలబడి మనవైపే చూస్తున్న ఒక ఆడమనిషి. ఆ మర నిజంగా ఉంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, మేపుల్‌డర్హమ్ అనే ఊళ్ళో. మా వీధి పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఇవన్నీ చూసి "ఒకే ప్లేటు ఇన్నిసార్లు ఎందుకు కొన్నావు మామా?" అని అడుగుతుంటారు. జవాబు ముందే చెప్పేస్తాను. అట్ట ఒకటే కావచ్చు, లోపలున్న ప్లేటు ఒకటి కాదు. ప్రతిదాని వెనకా వేరే చేతులున్నాయి. ఆ చేతుల పేర్లు అట్ట మీద ఉండవు. వాటిని పట్టుకోవాలంటే ప్రతులు పక్కపక్కన పెట్టుకొని చూడటం ఒక్కటే దారి.

ఈ సంగీతం తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బర్మింగ్‌హామ్ అంటే ఫ్యాక్టరీల ఊరు. అక్కడి ఆస్టన్ పేటలో పెరిగిన నలుగురు కుర్రాళ్ళు వీళ్ళు. గిటార్ టోనీ అయోమీ, బేస్ గిటార్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్, పాడేది ఆజీ ఆస్‌బర్న్. అయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పని మానేస్తున్న ఆఖరి రోజునే మిషన్‌లో చెయ్యి పడి, కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొనలు పోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కాల్సినవి ఆ కుడిచేతి వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు బిగించుకున్నాడు, మళ్ళీ వాయించాడు. 1969 అక్టోబరు 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో ఈ పాటలన్నీ రికార్డు చేశారు. నిర్మాత రాడ్జర్ బెయిన్. మొదటి పాట ముందు వినిపించే వాన, ఉరుములు, గంట తర్వాత కలిపినవి. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, వర్టిగో అనే రికార్డు కంపెనీ పేరు మీద ఇంగ్లండులో విడుదలైంది. హెవీ మెటల్ అనే ఈ బరువైన గిటార్ మోతల సంగీతం ఎక్కడ పుట్టిందంటే చాలామంది ఈ ప్లేటునే చూపిస్తారు. నేనూ దీన్నే చూపిస్తాను. 2025 జులై 5న ఈ నలుగురూ సొంత ఊళ్ళో, విల్లా పార్క్ మైదానంలో, ఆఖరిసారి కలిసి వాయించారు. ఆజీ నిలబడలేక కూర్చొనే పాడాడు. అదే నెల 22న పోయాడు. ఆ వారమంతా మా ఇంట్లో ఇదే ప్లేటు తిరిగింది.

ఇక ప్లేటు ఎలా తయారవుతుందో చెప్పాలి. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా పిచ్చిలా కనబడుతుంది.

స్టూడియోలో పాట టేపు మీద ఉంటుంది. ఆ టేపుని ఒక ఇంజనీరు కటింగ్ మిషన్ దగ్గరికి తీసుకెళ్తాడు. అల్యూమినియం పళ్ళెం మీద లక్కలాంటి మెత్తటి పూత ఉంటుంది, దాన్ని లాకర్ అంటారు. పాట నడుస్తుంటే మిషన్ సూది దాని మీద గాడి చెక్కుతూ పోతుంది. బేస్ ఎంత వదలాలి, చప్పుడు ఎంత పెంచాలి, గాళ్ళ మధ్య ఎంత దూరం ఉంచాలి, ఇవన్నీ ఆ మనిషి అక్కడికక్కడే తేల్చాలి. చప్పుడు పెంచితే గాడి వెడల్పవుతుంది, ప్లేటు మీద చోటు చాలదు. బేస్ మరీ ఎక్కువైతే ఇంట్లో ప్లేటు వాయించే చవక మిషన్ మీద ముల్లు గాడిలోంచి ఎగిరిపోతుంది. తర్వాత ఆ లాకర్‌కి వెండి పూత వేసి, నికెల్ ఎక్కించి ఊడదీస్తే వచ్చేది ఫాదర్. దాన్నుంచి మదర్. మదర్ నుంచి స్టాంపర్లు. ఫ్యాక్టరీలో రెండు స్టాంపర్ల మధ్య వేడి ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కుతారు, మన కజ్జికాయల అచ్చు లాగానే. స్టాంపర్ కొన్ని వందలో, వెయ్యి పైచిలుకో ప్లేట్లు నొక్కేసరికి అరుగుతుంది. మళ్ళీ ఇంకోటి పెట్టాలి. ఆల్బమ్ బాగా అమ్ముడుపోతే మదర్ కూడా అరుగుతుంది. అప్పుడు మళ్ళీ టేపు దగ్గరికి పోయి, కొత్తగా లాకర్ కోయాలి. ఈసారి కోసేది వేరే ఇంజనీరు కావచ్చు, వేరే దేశంలో కావచ్చు. అసలు టేపు బదులు దాని కాపీ కావచ్చు. ఇలా ఒక విడతలో నొక్కిన ప్లేట్లని ఒక ప్రెస్సింగ్ అంటారు. అందుకే ఈ ప్రెస్సింగ్‌కీ ఆ ప్రెస్సింగ్‌కీ తేడా.

ఈ రెండూ చూడండి. ఇది ఇంగ్లండుది, ఇది అమెరికాది.

ప్లేటు నడుమ ఉండే గుండ్రటి కాగితాన్ని లేబుల్ అంటారు. ఇంగ్లండు ప్లేటు మొదటి పక్క లేబుల్ మీద పాటల పేర్లు ఉండవు. నల్లగీతలు, తెల్లగీతలు సుడి తిరుగుతున్నట్టు ఉంటాయంతే. పాటల పేర్లన్నీ రెండో పక్క లేబుల్ మీదే ఉంటాయి. ప్లేటు తిరిగేటప్పుడు ఆ సుడిని చూస్తే కళ్ళు లోపలికి లాగేసినట్టు ఉంటుంది. దీన్నే సేకరించేవాళ్ళు 'స్విర్ల్' అంటారు. అట్ట పుస్తకంలా విప్పుకుంటుంది. విప్పితే లోపల తలకిందులుగా ఒక శిలువ, దానిలో ఒక కవిత. ఆ శిలువ సంగతి అట్ట అచ్చయ్యేదాకా బృందంలో ఎవరికీ తెలియదు. కంపెనీ వాళ్ళు పెట్టారు. దాంతో వీళ్ళకి సైతాను భక్తులని పేరొచ్చింది. గీజర్ బట్లర్ క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడు. ఒక అట్ట తయారుచేసిన మనిషి నిర్ణయం ఆ నలుగురి వెంట యాభై ఏళ్ళు తిరిగింది.

అమెరికాలో దీన్ని వార్నర్ బ్రదర్స్ వేసింది, 1970లోనే కొన్ని నెలల తర్వాత. తొలి ప్రతుల లేబుల్ ఆకుపచ్చ. తర్వాత 1973 నుంచి వచ్చినవాటి మీద తాటిచెట్ల లాంటి చెట్ల మధ్య రోడ్డు బొమ్మ ఉంటుంది. లేబుల్ చూస్తేనే ఏ కాలందో సుమారుగా తెలిసిపోతుంది. అయితే అసలు తేడా పాటల్లో ఉంది. ఇంగ్లండు ప్లేటులో రెండో పక్క మొదట్లో 'ఈవిల్ ఉమన్' ఉంటుంది. అది వీళ్ళ సొంత పాట కాదు, క్రో అనే అమెరికా బృందానిది. అమెరికా ప్లేటులో ఆ పాట తీసేసి 'విక్డ్ వరల్డ్' పెట్టారు. ఇంగ్లండులో ఆ విక్డ్ వరల్డ్ ఈవిల్ ఉమన్ సింగిల్‌కి, అంటే పక్కకి ఒక్క పాటతో వచ్చే చిన్న ప్లేటుకి, వెనక పక్కన వచ్చిందే తప్ప ఆల్బమ్‌లో రాలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. నాకు ఎన్నిసార్లు తల్చుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. అయోమీ ఆ రోజు స్టూడియోకి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌తో వెళ్ళాడు. మొదట విక్డ్ వరల్డ్ వాయించారు. ఆ పాట అవగానే గిటార్ పికప్, అంటే తీగల మోతని కరెంటుగా మార్చే భాగం, పాడైపోయింది. బాగుచేయించుకునే టైం లేదు, ఉన్నది ఒక్క రోజు. అప్పటిదాకా అదనంగా పక్కన పెట్టుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి మిగతా పాటలన్నీ దాని మీద వాయించాడు. ఆ ఎస్‌జీ మోతే ఇవాళ లోకమంతా హెవీ మెటల్ మోత అనుకునేది. మరి స్ట్రాటోకాస్టర్ మీద ఆ రోజు పుట్టిన ఒక్క పాట ఎక్కడుంది? అమెరికా ప్లేటులో ఉంది. ఇంగ్లండు ప్లేటు ఒక్కటే కొనుక్కున్నవాడు జీవితాంతం ఆ గిటార్ వినకుండానే ఉండిపోవచ్చు. ఒక ప్రతి ఉంటే ఆల్బమ్ ఉంటుంది. రెండు ప్రతులుంటే ఆ రోజు స్టూడియోలో ఏం జరిగిందో కూడా తెలుస్తుంది.

ఇంకొక తమాషా. అమెరికా లేబుల్ మీద పాటల ముందొచ్చే వాయిద్యం ముక్కలకి కూడా పేర్లు పెట్టారు: 'వాస్ప్', 'బేసికల్లీ', 'ఎ బిట్ ఆఫ్ ఫింగర్'. ఎన్‌.ఐ.బి. పాట ముందు బట్లర్ ఒంటరిగా వాయించే బేస్ ముక్కే ఆ బేసికల్లీ. సంగీతం మారలేదు, పేర్లు పెరిగాయి.

తర్వాత ఇంగ్లండులోనే 1973లో డబ్ల్యూడబ్ల్యూఏ అనే కంపెనీ, 1976లో నెమ్స్ అనే కంపెనీ దీన్ని మళ్ళీ వేశాయి. బృందానికి మేనేజర్లు మారారు, హక్కులు చేతులు మారాయి. లేబుళ్ళు వరసగా పేర్చుకుంటే వాళ్ళ డబ్బు తగాదాల చరిత్ర అంతా కనబడుతుంది. తర్వాత వచ్చిన సీడీల్లో చాలావాటిలో రెండు పాటలూ కలిపి ఇచ్చారు. వినడానికి అవి చాలు. చరిత్రకి చాలవు.

(సభలోంచి ప్రశ్న: లేబుల్ మారకపోతే ఏది ముందుదో ఏది తర్వాతదో ఎలా తెలుస్తుందన్నా?)

మంచి ప్రశ్న. ప్లేటుని ఇలా వాలుగా లైటు కింద పట్టుకోండి. పాట అయిపోయాక, లేబుల్‌కి ముందు, గాళ్ళు లేని నున్నటి చోటు ఉంది చూడండి. దీన్ని రనౌట్ అంటారు, డెడ్ వ్యాక్స్ అని కూడా అంటారు. ఇక్కడ సన్నగా అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. దీన్నే మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. ఏ లాకరు, ఎన్నోసారి కోసింది, ఏ మదర్, ఏ స్టాంపర్ అనే వివరాలు ఫ్యాక్టరీ వాళ్ళు తమ కోసం రాసుకున్నవి. కొన్ని పంచ్‌తో కొట్టినవి, కొన్ని చేత్తో గీసినవి. చేత్తో గీసినవాటిని నేను భూతద్దం పెట్టుకొని చూస్తాను. ఆ ఏడు ఎలా రాశాడు, ఆ ఒకటికి తల కొట్టాడా లేదా. యాభై ఏళ్ళ కిందట ఒక పనిమంతుడు చెక్కిన చేతిరాత అది. ఇంగ్లండులో జార్జ్ పెక్‌హమ్ అనే కటింగ్ ఇంజనీరు తాను కోసిన ప్లేట్ల మీద 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని సంతకం లాగా చెక్కేవాడు. అమెరికాలో బాబ్ లడ్విగ్ ఆర్‌ఎల్ అని రెండక్షరాలు గీసేవాడు.

ఆ లడ్విగ్ కథ చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తవదు. 1969లో లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండు బృందం రెండో ఆల్బమ్ కోసే పని ఆయనకి వచ్చింది. టేపులో ఎంత దుమ్ము రేపారో అంతా ప్లేటులోకి దించాడు. కానీ కంపెనీ అధిపతి అహ్మెత్ ఎర్తెగున్ ఇంట్లో, చవక మిషన్ మీద ముల్లు ఎగిరిపోయిందట. లడ్విగ్ తానే చెప్పిన సంగతి ఇది. ప్లేటులో లోపముందని కంపెనీ చప్పుడు తగ్గించి, బేస్ తగ్గించి మళ్ళీ కోయించింది. మిషన్ నాసిరకం కావడంతో మంచి ప్లేటుకి శిక్ష పడింది. ఆ మొదటి కట్ ఇప్పుడు సేకరించేవాళ్ళకి బంగారం. రెండిటికీ అట్ట ఒకటే, లేబుల్ ఒకటే, పాటలు అవే. ఆ రెండక్షరాలు ఉన్నాయా లేదా అన్నదే గుర్తు.

కొనేవాళ్ళకి ఒక్క జాగ్రత్త. ఫస్ట్ ప్రెస్, అంటే మొదటి విడతలో నొక్కినది అని చెప్పి తర్వాతి ప్రెస్సింగ్ అంటగట్టేవాళ్ళు ఉన్నారు, సుడి లేబుల్‌కి నకిలీలు కూడా ఉన్నాయి. డబ్బు పంపే ముందు రెండు పక్కల రనౌట్ ఫోటోలు అడగండి. ఇవ్వనంటే వదిలెయ్యండి. డిస్కాగ్స్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఒక్కో ప్రెస్సింగ్‌కి మ్యాట్రిక్స్ వివరాలుంటాయి, పోల్చుకోండి. ఇంగ్లండు తొలి ప్రతి మంచి స్థితిలో ఉంటే వందల పౌండ్లు పలుకుతుంది. అప్పు చేసి కొనే వస్తువు కాదిది.

మన కడపలో నిలబడి ప్రతుల గురించి మాట్లాడుతూ బ్రౌన్ దొరను తల్చుకోకపోతే తప్పు. ఇక్కడికి దగ్గర్లోనే, ఎర్రముక్కపల్లెలో, ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో కడపకి వచ్చిన ఆ ఇంగ్లీషు ఉద్యోగి వేమన పద్యాల కోసం తాళపత్రాలు, కాగితం ప్రతులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించాడు. పండితుల్ని తన జీతం డబ్బుతో పెట్టుకొని, ఒక ప్రతిలోని పద్యాన్ని ఇంకో ప్రతితో పోల్చి చూశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఒకే పుస్తకానికి ఇన్ని ప్రతులు ఎందుకు దొరా అని ఆ రోజుల్లో కూడా అడిగే ఉంటారు.

నేను సేకరించడం మొదలుపెట్టిన చాలా ఏళ్ళకి ఆ గ్రంథాలయంలో ఆయన పని గురించి చదివాను. ఈ ప్లేట్ల మీద నేను చేసేది ఏ జాతి పనో అప్పుడే నాకు స్పష్టమైంది. ఒక తేడా మాత్రం ఉంది. తాళపత్రం రాసిన లేఖకుడు అక్షరం జారితే దాన్ని దిద్దాలి. అందుకే బ్రౌన్ దొర ప్రతులన్నీ చూసి మంచి పాఠాన్ని తేల్చడానికి పూనుకున్నాడు. ప్లేట్ల విషయంలో నేను తేల్చను. అమెరికా ప్రతిలో ఈవిల్ ఉమన్ లేకపోవడం లేఖకుడి తప్పు కాదు, అది ఆ దేశంలో ఆ ఆల్బమ్ బతికిన తీరు. అక్కడి కుర్రాళ్ళు విక్డ్ వరల్డ్ వింటూ పెరిగారు, అదే నిజమైన ఆల్బమ్ అనుకున్నారు. వాళ్ళది తప్పని మనమెలా అంటాం? పాఠాంతరాలన్నీ ఉంచాలి, పక్కన రాసుకోవాలి.

(ప్రశ్న: ఇన్ని విన్నారు కదా, ఏది బాగుంటుంది?)

రెండో పక్క చివర 'వార్నింగ్' అనే పాట ఉంది, పది నిమిషాల పైనే. అందులో అయోమీ గిటార్ ఎడతెగకుండా సాగుతుంది. ఆ పాట ప్లేటులో ఎక్కడుందో చూడండి, లేబుల్ దగ్గర, లోపలి గాళ్ళలో. బయటి అంచు దగ్గర సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి పోతుంది. లోపలికి వచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది. అంతే సంగీతాన్ని అంత తక్కువ చోటులో ఇరికించాలి. అరిగిన స్టాంపర్ అయినా, తొందరలో కోసిన లాకర్ అయినా అక్కడ గిటార్ గరగరమంటుంది. కాబట్టి ఏ ప్రతి తెచ్చినా నేను మొదటి పాట వినను. తిన్నగా వార్నింగ్ చివరికి పోతాను. నా దగ్గరున్నవాటిలో ఇంగ్లండు సుడి లేబుల్‌దే అక్కడ తేటగా ఉంది. బేస్ గట్టిదనం కావాలంటే ఆకుపచ్చ లేబుల్ అమెరికాది నాకిష్టం. ఇవి నా చెవులు చెప్పినవి. మీ చెవులు వేరేవి చెప్పొచ్చు.

ఇక మన ఊరి సంగతి. ముంబై నుంచి చెన్నై పోయే రైలు లైను కడప మీదుగానే పోవడం నాలాంటివాళ్ళకి పెద్ద అదృష్టం. పాత ప్లేట్లు దొరికే ముంబై చోర్ బజారు అటు, చెన్నై మూర్ మార్కెట్ ఇటు. బెంగళూరు ఒక రాత్రి బస్సు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు హెవీ మెటల్ బృందం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు సీమ యాసలో కేకలు నా చెవులతో నేను విన్నాను. ఈ సంగీతం మనది కాదనేవాళ్ళకి నేను ఆ రాత్రి గురించే చెబుతాను.

కానీ మన ఎండ ప్లేట్లకి శత్రువు. ప్లేటు పీవీసీ ప్లాస్టిక్. అరవై డిగ్రీలు దాటితే మెత్తబడి వంకర పోతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారు లోపల ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. ప్లేట్లు కొని, కారు ఎండలో పెట్టి, హోటల్లో భోంచేసి వస్తే చాలు. ఇంట్లో కూడా పడమటి గోడకి ఆనించి పెట్టొద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పుస్తకాల్లా నిలబెట్టాలి. ఒరగకూడదు. మన పొడి గాలిలో ఒక మేలు కూడా ఉంది. సముద్రం పక్క ఊళ్ళలో లాగా అట్టలకి బూజు పట్టదు. చెన్నై నుంచి వచ్చిన అట్టలు వాసన చూస్తేనే తెలిసిపోతాయి. అయితే అదే పొడి గాలికి ప్లేటు కరెంటు పట్టినట్టు దుమ్ముని లాక్కుంటుంది. పెట్టే ముందు ప్రతిసారీ బ్రష్‌తో తుడవాల్సిందే. లోపలి కాగితం కవర్ గరుకుగా ఉంటే పారేయకుండా విడిగా దాచండి, ప్లేటుకి మాత్రం మెత్తటి కవర్ వేయండి. ఆ పాత కవర్ కూడా సాక్ష్యమే.

హెవీ మెటల్ మీకు పడకపోవచ్చు. అయినా ఈ పని మీ ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. అటక మీద తాతగారి ప్లేట్లు ఉంటాయి. హెచ్ఎంవీ, ఓడియన్, కొలంబియా. అవి కోల్‌కతా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో నొక్కినవి కావచ్చు. ఘంటసాల భగవద్గీత ఎంతమంది ఇళ్ళలో ఉందో నేను చూశాను. దాన్ని ఎన్నిసార్లు వేశారు, లేబుల్ రంగు ఎప్పుడు మారింది, రనౌట్‌లో ఏ అంకెలున్నాయి? ఇంగ్లండు ప్లేట్లకి ఈ లెక్కలు రాసిపెట్టినంత శ్రద్ధగా తెలుగు ప్లేట్లకి రాసినవాళ్ళు చాలా తక్కువ. ఒక నోటుబుక్కు తీసుకోండి. అట్ట నంబరు, రెండు లేబుళ్ళ రంగు, రెండు పక్కల మ్యాట్రిక్స్ అంకెలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. కొట్టేసిన అంకె ఉంటే అది కూడా రాయండి. పాతసామాన్ల బండి వాడికి కిలోల లెక్కన వేసేలోపు ఈ పని అయిపోవాలి.

ఇప్పుడు వినడానికి టైం ఉంది. ముందు అమెరికా ప్రతిలో విక్డ్ వరల్డ్ పెడతాను, తర్వాత ఇంగ్లండు ప్రతిలో ఈవిల్ ఉమన్. మొదటిది స్ట్రాటోకాస్టర్, రెండోది ఎస్‌జీ. పాటలు నడిచేటప్పుడు మిగతా ప్రతులు మీ చేతుల్లోకి పంపిస్తాను. గాళ్ళ మీద వేలు పడకుండా అంచులూ లేబులూ పట్టుకోండి. రనౌట్‌లో ఏం కనబడిందో పక్కవాళ్ళకి చదివి చెప్పండి. భూతద్దం ఇక్కడే ఉంది.